గాలి చొరని షెడ్డు

మా కఫీల్‌కి, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, అరవై దాటాయి. వయసులో ఉండగా చెక్కపడవల్లో మన పడమటి రేవులు తిరుగుతూ మలబారు దాకా వచ్చి వెళ్లిన మనిషి. అందుకే నాతో అరబ్బీ కలిపిన హిందీలో మాట్లాడేవాడు. వాళ్లది పడవలు కట్టిన కుటుంబం. ఆ పని ఎప్పుడో పోయింది గానీ, పడవల కోసం తెప్పించిన టేకు దుంగలు కొన్ని జహ్రా ఊరి అవతల ఎడారిలో ఆయన స్థలంలో ఇసుకలో సగం కూరుకుపోయి ఉండేవి. ఎనభైల నడుమ ఒక చలికాలం మొదట్లో నన్నక్కడికి తీసుకెళ్లి, వాటితో తనకొక వడ్రంగి షెడ్డు కట్టమన్నాడు. ఇటుక వద్దు, రేకు వద్దు, దుంగ మీద దుంగ పేర్చాలి. అందులో కూర్చుని తన చేత్తో ఒక చిన్న పడవ చేసుకోవాలని ఆయన కోరిక.

నేను కోనసీమ వాణ్ని. వడ్రంగం మా ఇంటి పని. నాకు తోడుగా ఇచ్చిన అతనిది కడప వైపు. అంతకుముందు అల్ రాయ్‌లో ఒక గోదాములో బరువులు మోసేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి, మాట తక్కువ మనిషి.

ఉత్తరాన, సరిహద్దుకి అవతల, యుద్ధం నడుస్తోంది. గాలి అటునుంచి వీచినప్పుడు ఫిరంగుల మోత వినిపించేది. ఉరుములా ఉండేది కాదు. ఎవరో దూరంగా పెద్ద పెట్టె నేలమీద పడేసినట్టుండేది. దుంగ మీద చెయ్యి ఆనిస్తే అరచేతికి అదురు తగిలేది.

"అన్నా, అది ఈడిదాకా వస్తాదంటావా?" అని అడిగేవాడు కడప తమ్ముడు.

"రాదులే. ఆ చివర పట్టుకో," అనేవాణ్ని. రాదని నాకేం తెలుసు?

మూలల్లో గాడులు తొలిచి దుంగల్ని ఒకదాన్లో ఒకటి కూర్చాం. ఇసుక తిన్న టేకు ఉలికి లొంగేది కాదు. గోడలు లేచి, పైకప్పు పడేసరికి చలి ముదిరింది. ముసలాయన రోజూ కారులో వచ్చి, దుంగల మధ్య సందుల వెంట అరచెయ్యి నడిపించేవాడు.

"ఇక్కడ గాలి వస్తోంది," అనేవాడు. ఆ సందులో నూనెలో నానబెట్టిన పత్తి కూరి, మొద్దు ఉలితో దట్టించేవాళ్లం. పడవలో నీరు చొరకుండా వాళ్లు చేసే పద్ధతే అది. కిటికీకి నేను వదిలిన చోటు కూడా పలకలతో మూయించేశాడు.

"దుమ్మొస్తుంది. గాలి అసలు చొరకూడదు. ఖలాస్."

తర్వాత లోపలి పని. పొడుగాటి పనిబల్ల వేసి దానికి చెక్క బిగించుకునే వైస్ అమర్చాను. వాళ్ల నాన్న వాడిన బాడిశలూ రంపాలూ గోడకి వరసగా తగిలించాను. తలుపు వేస్తే బయటి శబ్దం ఏదీ వినిపించేది కాదు. ఫిరంగుల మోత సైతం. అంత నిశ్శబ్దం నాకు నచ్చలేదు.

వేళ్లు కొంకర్లు పోతున్నాయని ఆయన ఒక ఇనుప కుంపటీ, బొగ్గుల బస్తా తెప్పించాడు. అది వచ్చాక మాకు తలనొప్పి పట్టుకుంది. బయటికొస్తే తగ్గేది, లోపలికెళ్తే మళ్లీ మొదలయ్యేది.

"ఈ దుంగల వాసనన్నా. ఎన్నేండ్ల నాటి కట్టెలో," అన్నాడు తమ్ముడు.

నేనూ అలాగే అనుకున్నాను. అతను తిండి పెట్టి మచ్చిక చేసిన పిల్లి ఒకటి అక్కడే ఈనింది. చలికి వణుకుతున్నాయని పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి, కుంపటి పక్కన ఉంచి, తలుపు మూసి భోజనానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అన్నీ చచ్చి ఉన్నాయి. ఒంటి మీద గాయం లేదు.

"కుంపటే అన్నా, దుంగలు కాదు," అన్నాడు మెల్లగా.

కిటికీ మాట ముసలాయన వినడని, ఆ సాయంత్రమే అక్కడికొచ్చిన ఆయన కొడుకుతో చెప్పాను. "సార్, కిటికీ తెరవాలి. లేదంటే కుంపటి తీసెయ్యాలి."

అతను నవ్వాడు. "మా తాతల నుంచి గుడారాల్లో బొగ్గులు కాల్చుకుంటున్నాం. యల్లా, పని చూసుకో."

గుడారానికి సందులుంటాయని చెప్పబోయాను. అప్పటికే కారెక్కేశాడు.

తర్వాత రెండు మూడు రోజులకి వాన పట్టింది. మధ్యాహ్నం ముసలాయన ఒక్కడే లోపల కూర్చుని, పడవకి మొదటి పలక చిత్రిక పడుతున్నాడు. మేం బయట మిగిలిన కర్ర మీద పట్టా కప్పుతున్నాం. తలుపు పక్కనే ఉన్నాం కాబట్టి చిత్రిక చప్పుడు సన్నగా వినబడుతోంది. కాసేపటికి ఆగిపోయింది. మళ్లీ మొదలవుతుందని చూశాను. మొదలవలేదు.

"బాబా," అని పిలిచాను. పలకలేదు. లోపల గడియ వేసుంది. నేను చేసిన తలుపుని నేనే బాడిశతో నరికాను.

లోపల వెచ్చగా ఉంది. ఆయన బల్లకి ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఎర్రగా, ఎండలో నడిచొచ్చినవాడిలా ఉంది. భుజం పట్టి కుదిపాను, కదల్లేదు.

"పోయినాడన్నా," అన్నాడు తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయి. "మనల్ని ఇడ్సిపెట్టరు."

"కాళ్లు పట్టుకో. మాట్లాడకు."

వానలోకి ఈడ్చుకొచ్చి పడుకోబెట్టాం. ఆయన ముఖం మీద పడ్డ నీళ్లు నోటి పక్కలనుంచి కారిపోతున్నాయి. ఎంతసేపో తెలీదు, ఒక్కసారి గుర్రుమని ఊపిరి తీశాడు. పికప్‌లో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ పోలీసులు మా ఇఖామా గుర్తింపు కార్డులు తీసుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. కొడుకు వచ్చాడు, మావైపు చూడలేదు. ముసలాయన కళ్లు తెరిచి, కుంపటి తనే పెట్టించానని చెప్పాక మమ్మల్ని వదిలారు.

బతికాడు. ఇంటికెళ్లాడు, మామూలుగా మాట్లాడుతున్నాడని విన్నాం. కిటికీ తెరవమని కొడుకే వచ్చి చెప్పాడు, తల దించుకుని. మూసిన పలకలు ఊడదీసి కిటికీ పెట్టాను. కడప తమ్ముడు మాత్రం మళ్లీ లోపల అడుగుపెట్టలేదు. ఆ నెలలోనే కఫీల్‌ని మార్చుకుని అబూ హలీఫాలో ఒక భవనానికి కాపలాదారుగా వెళ్లిపోయాడు.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ముసలాయన్ని కారులో తీసుకొచ్చారు. దిగలేదు. మోకాళ్ల మీద చేతులు వణుకుతున్నాయి. షెడ్డు వైపు చాలాసేపు చూసి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఎవరు కట్టారిది?" అని అడిగాడు హిందీలో. "మంచి టేకు."

"మీదే బాబా. మీరే కట్టించారు."

ఆయన మర్యాదగా తలూపాడు, ఎవరో పరాయివాడు చెప్పిన మాట విన్నట్టు. "ఆ బొగ్గు విషం ఆలస్యంగా తలకెక్కిందన్నారు డాక్టర్లు," అని కొడుకు నాకు మాత్రం వినబడేలా చెప్పి కారు అద్దం పైకెత్తాడు. కారు వెళ్లిపోయాక నేను లోపలికెళ్లి, ఆయన సగం చిత్రిక పట్టిన పలకని బల్ల మీంచి తీసి గోడకి ఆనించాను. ఉత్తరాన మళ్లీ మోత మొదలైంది.