నుదుటి మీద నాలుగు స్టిక్కర్లు

ఆపరేషన్ థియేటర్లో అందరూ ఆయన్ని బాబాయి అంటారు. పెద్ద డాక్టరు మాత్రం "ఏమయ్యా" అంటాడు. ఇరవై ఆరేళ్లుగా బాబాయి పని ఒకటే: మత్తు డాక్టరమ్మ పక్కన నిలబడి రోగి చేతికి బీపీ పట్టీ కట్టడం, నుదుటికి రెండు స్టిక్కర్లు అంటించడం, మెదడుకు రక్తం సరిగ్గా అందుతోందో లేదో అవి తెరమీద చూపే అంకెను కనిపెట్టి ఉండటం. "ఊరందరి బీపీ చూస్తారు, నాది పెంచడం తప్ప నాకేం చేశారు?" అంటుంది ఆయన భార్య.

పెద్ద డాక్టరు భుజాల ఆపరేషన్లలో దిట్ట. మత్తిచ్చిన రోగిని కుర్చీలో లాగా కూర్చోబెట్టి కోస్తాడు. మెలకువగా ఉంటే ఒళ్లు తనంతట తాను సర్దుకుని రక్తాన్ని తలదాకా తోస్తుంది. మత్తులో ఆ నేర్పు మొద్దుబారుతుంది. పైగా ఈయనగారి కంటికి రక్తం ఆనకూడదు, చోద్యం కాకపోతే! "బీపీ దించండి, ఈ రక్తంలో నాకేమీ కనిపించి చావడం లేదు!" డాక్టరమ్మ దించేది. అంకె పడిపోయి అలారం మోగేది. "చేతి దగ్గరున్న బీపీ తల దగ్గర ఉండదండీ," అని బాబాయి నసిగేవాడు. "ముందా గోల ఆపవయ్యా!" ఆపేవాడు, పాపం నోరులేని మనిషి. ఓసారి ఆపరేషనయ్యాక ఒక దర్జీ రెండ్రోజులపాటు పెళ్లాం పేరు మరిచిపోతే, "అదృష్టవంతుడు" అని నవ్వేశాడు పెద్ద డాక్టరు. ఆ పూట బాబాయికి ముద్ద దిగలేదు.

అలాంటి పెద్ద డాక్టరు బాత్రూంలో జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు. కోసేది ఆయన శిష్యుడే. మత్తు సూది వెయ్యబోతుంటే పెద్ద డాక్టరు బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "బాబాయ్, నా తల జాగ్రత్త. ఇంకో రెండు స్టిక్కర్లు అంటించరాదూ?"

అంటించాడు. పావుగంట కాలేదు, శిష్యుడు అచ్చం గురువుగారిలాగే అరిచాడు. "బీపీ దించండి!" డెబ్బై ఉన్న అంకె అరవైకి, యాభైకి జారింది. అలారం మోగింది. "ఆపవయ్యా!"

బాబాయికి దర్జీ మొహం గుర్తొచ్చింది.

"ఆపను," అన్నాడు అలారం మీటకు అడ్డంగా నిలబడి. "డాక్టరమ్మా, పెంచండి. తిడితే నన్నే తిట్టనివ్వండి."

అందరూ నోరెళ్లబెట్టారు. డాక్టరమ్మ పెంచింది. శిష్యుడు రక్తం తుడుచుకుంటూ, సణుక్కుంటూ గంట పనిని రెండు గంటలు చేశాడు.

పెద్ద డాక్టరు కళ్లు తెరిచేసరికి బాబాయి గుండె చిక్కబట్టుకుని పక్కనే ఉన్నాడు. మాట వస్తుందా? మనుషుల్ని గుర్తుపడతాడా? ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

"రెండు గంటలా? రక్తం కారనిచ్చారన్నమాట! బీపీ పెంచిందెవడయ్యా? బుద్ధుందా?"

బాబాయి కళ్లు చెమర్చాయి. "నేనేనండీ," అన్నాడు. "ఇంకొక్కసారి తిట్టండి సార్, డాక్టరమ్మ కూడా వింటుంది."