పేరు గడిలో పదకొండేళ్లు

షహజాది బేగంను కంప్యూటర్ రాని మనిషని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మేడ్చల్‌లోని మా ఆసుపత్రికి ప్రోగ్రామ్ రాసింది నేనే అయినా, పదకొండేళ్లు దాన్ని నడిపించింది ఆమె. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బస్సులో వచ్చి, ఎనిమిదింటికల్లా రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఉంటుంది. వచ్చినవాళ్లను ముందు ఊరు అడుగుతుంది, తర్వాత ఎవరింటి మనిషో అడుగుతుంది, అప్పుడు గానీ పేరు రాయదు.

మొదటి నెలలోనే నన్ను నిలదీసింది.

"సుధీర్ సారూ, ఎవలకు ఏ మందు పడదో యాడ రాయాలె? గడే లేదు గదా!"

నిజమే, నేను పెట్టలేదు. "ప్రస్తుతానికి పేరు గడిలోనే, పేరు పక్కన రాసెయ్ ఆపా, వచ్చే వారం గడి పెడతా" అన్నాను. ఆ వచ్చే వారం ఇంతవరకు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆమె మాత్రం రాస్తూనే పోయింది: 'శివమ్మ గౌడవెల్లి పెన్సిలిన్ పడదు'. అంతా ఒకటే ప్రోగ్రామ్ కాబట్టి డాక్టరు తెర మీదా, మందుల చీటీ మీదా, సూది గదిలోనూ పేరుతో పాటు ఆ హెచ్చరికా కనిపించేది. పని జరుగుతోంది కదా అని నేనూ పట్టించుకోలేదు.

ఈ ఏడాది యాజమాన్యానికి కొత్త మోజు పుట్టింది. పాత ప్రోగ్రామ్‌ను ముక్కలు చేసి రిజిస్ట్రేషన్‌కు ఒకటి, మందులకు ఒకటి, ల్యాబ్‌కు ఒకటి చొప్పున మైక్రోసర్వీసులు చేయాలట. బయటి కంపెనీ నుంచి ఆకాశ్ అనే ఇంజినీరు వచ్చి, మా రోగుల పేర్లు చూసి తల పట్టుకున్నాడు.

"పేర్లలో ఈ చెత్తంతా ఏంటి సార్? ఇది తీసేయకపోతే ఒక సర్వీసులో పేరు ఇంకోదాంతో కలవదు."

"అది చెత్త గాదు బేటా, మనుషుల పానాలు" అని బేగం మూడుసార్లు చెప్పింది.

ఆకాశ్ తల ఊపాడు. నేనూ ఊపాను. గడువు దగ్గర పడింది, హెచ్చరికల సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. ఇన్నేళ్లయినా నాకు బుద్ధి రాలేదు.

సోమవారం ఉత్త పేర్లతో కొత్తది మొదలైంది. గురువారం శివమ్మ కాలి పుండుకు చీము పట్టి వచ్చింది. డాక్టరు తెర మీద ఉత్త 'శివమ్మ', సూది గదిలోనూ ఉత్త 'శివమ్మ'. కొత్త నర్సు సూది నింపింది. తన దగ్గరికి వచ్చిన శివమ్మ మందుల చీటీలో పెన్సిలిన్ చూసి బేగం చెప్పులు కూడా వేసుకోకుండా కౌంటర్ నుంచి ఉరికింది.

"అరే ఆగుండ్రి! గామెకు పెన్సిలిన్ పడదు! అప్పట్ల మొఖమంత ఉబ్బి ఊపిరాడలే!"

శివమ్మ మంచం దిగి గోడకు ఆనుకుంది. "కంప్యూటర్ల రాసిండ్రు గదా, మల్ల నేనెందుకు చెప్పాలె అనుకున్న" అంది.

నేను పాత ప్రోగ్రామ్ తెరిచాను. 'పడదు', 'వద్దు', 'దద్దుర్లు', 'జాగ్రత్త'. ఒక్కోచోట ఒక్కో తీరు. యంత్రంతో ఏరితే సగం జారిపోతాయి.

"ఆపా, నీకు అందరూ యాదికుంటారు. రెండు రోజులు సూది గది దగ్గర కూర్చో, ఆలోపు సరిచేస్తా" అని బతిమాలాను.

"రేపు శుక్రవారం సార్, నాకు సెలవు. ఇన్నేండ్ల సంది శుక్రవారం నా కుర్సీల వేరేటోళ్లు కూసున్నరు. ఆళ్లు రాసిన మనుషులు నాకేమెరుక? ఆళ్లొస్తే ఎవలు ఉరకాలె?"

కొత్త సర్వీసులన్నీ ఆపేసి పాతదాన్నే మళ్లీ ఎక్కించాను. "నాలుగు నెలల పని సార్!" అని ఆకాశ్ ఫోన్లో అరుస్తూనే ఉన్నాడు.

డాక్టరు వేరే మందు రాశారు. శివమ్మ మాత్రం ఆ సూదినీ నమ్మక గోడ దగ్గరే నిలబడింది.