జితేందర్ భుజం

గల్ఫ్‌లోని అల్ హైల్‌లో మేస్త్రీ పని చేసే రఘుపతికి క్రికెట్ అంటే పిచ్చి. కొత్తగా వచ్చిన జితేందర్ కింద నిలబడి పరంజా మీదికి ఇటుకలు విసురుతుంటే, ఆ చేతి ఊపు చూడగానే వీడిలో బౌలర్ ఉన్నాడని పసిగట్టాడు. ప్రతి శుక్రవారం మైదానానికి లాక్కెళ్లాడు. అతని బౌలింగ్ చూడడానికి ఒక పెద్ద క్లబ్బువాళ్లు వస్తామన్నారు. ఇక రఘుపతి ఆగలేదు. చెయ్యి గట్టిపడాలని సైట్‌లో ఇటుకలన్నీ అతనితోనే విసిరించాడు, డ్యూటీ అయ్యాక బంతులు వేయించాడు.

"భుజం గుంజుతుందన్నా," అన్నాడు జితేందర్.

"గుంజితెనే గట్టిపడ్తది. నకరాలు చెయ్యకు, ఎయ్యి!"

క్లబ్బువాళ్లు వచ్చిన రోజు, మొదటి ఓవర్ పూర్తికాకముందే జితేందర్ భుజం పట్టుకుని కూలబడ్డాడు. వాళ్లు పేరైనా అడగకుండా కారెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు జితేందర్ కుడిచెయ్యి లేవలేదు.

"కంపెనీల చెప్పకు అన్నా, ఇంటికి తోలేస్తరు," అని ఎడమచేత్తో ఇటుకలు పైకి విసరసాగాడు.

పరంజా మీద నిలబడి రఘుపతి పట్టుకుంటున్నాడు. ఒక్కో ఇటుకా గురితప్పకుండా వచ్చి చేతుల్లో పడుతోంది. 'వీడి ఎడమచెయ్యి కూడా బాగానే తిరుగుతోందే' అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం తన మొహాన తనే ఉమ్మేసుకోవాలనిపించింది.