టర్బో కడ్డీకి చుట్టిన తీగ: ఏలూరు నుంచి కొల్లేరు దాకా

ఆ డిసెంబరు ఉదయం ఏలూరులో మంచు ఎంత దట్టంగా ఉందంటే, వీధి చివర లారీ హారను వినపడింది గాని లారీ కనపడలేదు. కైకలూరు దగ్గర మా బాబాయి చేపల చెరువులో మర్నాడు పట్టుబడి, అంటే నీళ్లు తోడేసి చేపలు పట్టడం. నీళ్లు తోడే ఇంజను మూడు రోజులుగా ఆగకుండా నడుస్తోంది, ఆయన వెళ్లి చూసుకోవాలి. నాకు కొల్లేరు ఒడ్డున ఆటపాక పక్షుల్ని చూడాలని ఎప్పటినుంచో ఉంది. అందుకని ముందురోజే పెంటపాడు నుంచి ఏలూరు వచ్చి బాబాయి వాళ్లింట్లో పడుకున్నాను. నిజానికి ఏలూరు నుంచి కైకలూరుకి దగ్గర దారి ఉంది, గంటన్నర చాలు. మేం తాడేపల్లిగూడెం మీదుగా చుట్టుతిరిగి వెళ్లడానికి కారణం బండి.

అది 2006లో కొన్న టర్బో డీజిలు జీపు, నేను చెబుతున్నది రెండేళ్ల తర్వాతి సంగతి. అప్పటికి రెండు నెలలుగా హైవే మీద ఎనభై దాటించి తొక్కితే ఒక్క కుదుపు కుదిపి బలం పోయేది. ఆపైన యాభైకి మించి లాగేది కాదు. ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు నడిచేది. ఏలూరులో ఒక షెడ్డువాళ్లు కంప్యూటరు పెట్టి చూసి టర్బో మార్చాలన్నారు, నలభై వేల పైమాటే. బాబాయి ఆ తప్పంతా డ్రైవరు ఖాసిం మీద వేశారు. ఖాసిం పదకొండేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు, మొదట ట్రాక్టరు మీద, తర్వాత ఈ బండి మీద. గూడెంలో మస్తాన్ గారని పాత మెకానిక్ ఉన్నారు, ఆయనకి చూపించండి, నా తప్పని తేలితే పనిలోంచి తీసెయ్యండి అన్నాడట. బాబాయి సరేనన్నారు.

ఆరున్నరకి బయలుదేరాం. భీమడోలు దాకా లైట్లు వేసుకునే నడిపాడు ఖాసిం. మంచు విడిచాక బాబాయి గట్టిగా తొక్కమన్నారు. కుదుపు వచ్చింది, బలం పోయింది. "చూశావా నీ చేతి మహిమ?" అన్నారు బాబాయి. ఖాసిం పక్కకి తీసి, ఆపి, మళ్లీ స్టార్టు చేశాడు.

గూడెం చేరేసరికి ఎనిమిదైంది. మస్తాన్ గారి షెడ్డు రైల్వే స్టేషనుకి కాస్త అవతల. ఆయనకి అరవై దాటాయి. మాట్లాడే ముందు చేతులు తుడుచుకునే అలవాటు. ఏలూరు కాగితం చదివి మడిచి ఇచ్చేశారు. "బూస్టు ఎక్కువైందని కంప్యూటరు చెప్పిందండి, నిజమే. ఎందుకెక్కువైందో అది చెప్పదు కదండీ" అన్నారు. నాకు ఆయన చెప్పింది ఇది: టర్బో అంటే పొగతో తిరిగే చక్రం, అది ఇంజనులోకి గాలిని బలంగా తోస్తుంది. ఆ ఒత్తిడే బూస్టు, అది హద్దు దాటకుండా పొగని పక్కకి వదిలే చిన్న తలుపు ఉంటుంది. గాలి నిండగానే పక్కనున్న డబ్బా ఒక కడ్డీని తోసి ఆ తలుపు తెరుస్తుంది. అది తెరుచుకోకపోతే ఇంజను పాడవకుండా బండిలోని కంప్యూటరే బలం తగ్గించేస్తుంది.

టర్బో విప్పలేదు. ముందు గొట్టాలన్నీ తడిమి చూసి, సబ్బు నీళ్లు రాశారు. బుడగలు రాలేదు, అంటే గాలి ఎక్కడా కారడం లేదు. తర్వాత సైకిలు పంపు తెచ్చి, మధ్యలో టైర్ల గేజీ కలిపి, ఆ డబ్బాకి గాలి కొట్టారు. ముల్లు లేస్తోంది, గాలి నిలుస్తోంది. కడ్డీ మాత్రం కదల్లేదు. ఇంకా కొట్టారు. కదల్లేదు. కడ్డీ మీద చెరువు గట్టు మట్టి గట్టిపడి పెచ్చులా ఉంది. నీళ్లు కొట్టి, పాత బ్రష్షుతో రుద్దారు. మట్టి జారిపోయాక కింద ఇనప తీగ కనపడింది. వేడికి నల్లబడిన తీగ, కడ్డీని దాని బ్రాకెట్టుకి కలిపి మూడు చుట్లు చుట్టి ఉంది. చివరలు పైకి లేవకుండా వెనక్కి మడిచి లోపలికి దోపారు.

మస్తాన్ గారు వంగి, ఆ మడత వేలితో తాకి చూశారు. "నలభై ఏళ్లలో ఇలాంటిది చూళ్లేదండి. ఇంకో నెల తిప్పితే ఇంజనే పోయేది" అన్నారు. తీగ కోసి తీసి, పంపు కొడితే కడ్డీ మెల్లగా జరిగింది.

"డ్రైవరు తప్ప ఇంకెవరండీ బండి ముట్టుకునేది?" అన్నారు బాబాయి.

అందరం ఖాసింని చూశాం. అతను నేల మీద పడ్డ తీగ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నూట యాభై తీసుకున్నారు మస్తాన్ గారు. హైవే మీదికి తీసుకెళ్లి తొంభై దాకా తొక్కించారు. కుదుపు లేదు.

పదింటికి గూడెం వదిలి గణపవరం, ఉండి, ఆకివీడు మీదుగా వెళ్లాం. గణపవరం దాటాక రోడ్డు ఇరుకు, రెండు వైపులా చెరువులే, మేత లారీలు ఎదురొస్తాయి. అందుకే ఆటపాక చేరడానికి మాకు రెండు గంటలు పట్టింది. దారిలోనే బాబాయి చెప్పేశారు, పట్టుబడి అయ్యాక ఇక రానక్కర్లేదని. ఖాసిం సరేనండి అన్నాడు. ఆటపాకలో పడవ ఎక్కాం, మనిషికి పాతిక రూపాయలు. చెట్ల నిండా ముక్కు కింద సంచులున్న గూడబాతులు, కొమ్మలు వాటి బరువుకి వంగి ఉన్నాయి. "ఇవన్నీ నా చెరువులో తిన్నవే, కూలి అడగాలి వీటిని" అని బాబాయి నవ్వారు. నేనూ నవ్వాను. ఖాసిం గట్టు మీదే ఉండిపోయాడు. కైకలూరులో భోజనాలు చేసి రెండింటికి చెరువు చేరాం.

నీళ్లు మోకాలి లోతుకి దిగాయి. గట్టు మీద ఇంజను హోరుగా నడుస్తోంది. దగ్గరికి వెళ్లి చూశాను. వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు మీటని ఎక్కువ నీళ్ల కోసం కదలకుండా కట్టేశారు. ఈ చెరువుల మీద చాలామంది అలాగే కడతారు. ఇనప తీగ. మూడు చుట్లు. చివరలు వెనక్కి మడిచి లోపలికి దోపి ఉన్నాయి.

ఆ ఇంజను మీద చెయ్యి వేసేది బాబాయి ఒక్కరే. చివరలు ఎందుకు మడుస్తారో చిన్నప్పుడు నాకు చూపించింది కూడా ఆయనే, వల చిక్కుకోకుండా.

"బాబాయ్, జీపుకి కట్టింది మీరేనా?" అన్నాను.

ఆయన ఇంజను వైపు చూశారు. "రంజానుకి వాడు ఊళ్లో లేడు. మేత బస్తాలతో బండి గట్టు ఎక్కలేకపోయింది. బానెట్టు ఎత్తి చూస్తే ఆ కడ్డీ జరుగుతోంది. ఇంజనుకి కట్టినట్టే కట్టాను. బాగానే లాగింది."

"మర్చిపోయారా?"

"మర్చిపోలేదు" అన్నారు.

ఖాసిం మా వెనకే నిలబడి ఉన్నాడు. జేబులోంచి తీగ తీసి ఇంజను పక్కన పెట్టాడు, దాని పక్కన తాళాలు పెట్టాడు. షెడ్డులోనే పోల్చుకున్నావా అని అడిగాను.

"పోల్చుకున్నానండి."

"మరి అక్కడే చెప్పొచ్చు కదా?"

"అక్కడ నలుగురున్నారండి. పెద్దాయన మాట పోతుంది" అన్నాడు. బాబాయి రేపటి నుంచి మామూలుగానే రమ్మన్నారు. "వద్దండి" అన్నాడు ఖాసిం.

పదకొండేళ్లు కలిసి తిరిగిన మనిషి మీద అంత తేలిగ్గా తప్పు వెయ్యడం నేను చూశాను. వేసినప్పుడు నేనూ నమ్మాను. బండిలో ఉన్న తప్పు కనుక్కోవడానికి సైకిలు పంపు, గేజీ సరిపోయాయి. రెండో తప్పు చెరువు దాకా వెళ్తేగాని నాకు తెలియలేదు. ఖాసింకి అప్పటికే తెలుసు, పడవ దగ్గరా తెలుసు, భోజనం దగ్గరా తెలుసు. మీ బండికి ఇలా బలం పోతే టర్బో మార్చేముందు ఆ కడ్డీ మీద మట్టి కడిగించి, గాలి కొట్టి, కదులుతోందో లేదో మీ కళ్లతో చూడండి. పావుగంట పని.

ఖాసిం మేత లారీ ఎక్కి కైకలూరు వెళ్లి, నాలుగూ పదికి ఏలూరు బస్సెక్కాడు. మేం అయిదున్నరకి బయలుదేరాం. బండి నేను నడిపాను.