ఒట్టు వెయ్యని చెయ్యి

విజయనగరం కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడితే, బండి మీంచి వేయించిన వేరుశనగకాయల వాసన వచ్చింది. ఆ వాసనకి అందరికీ నోరూరుతుంది కాబోలు. నాకు మాత్రం ఆదిలక్ష్మి మేడం గుర్తొస్తారు.

పిల్లల సంరక్షణ పనిలో చేరిన కొత్తలో మాకు తర్ఫీదు ఇచ్చింది ఆవిడే. పొందూరు దగ్గరి రైతుల ఇంటి మనిషి, గట్టి గొంతు. మొదటి రోజు పాఠం గీఠం ఏమీ లేదు. తానే చిన్నపిల్లలా నేల మీద చతికిలబడి, ఒక్కొక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. మా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుని, "ఎవులికీ సెప్పనని నా మీద ఒట్టెయ్యక్కా, అప్పుడు సెప్తాను" అనేవారు. పాపం కదా అని అందరం వేసేశాం. ఆవిడ దిగ్గున లేచారు. "అయిపోనాది! రేపు పెద్దాఫీసర్లకి సెప్పక తప్పదు నీకు. దాని నెత్తి మీద ఏసిన ఒట్టు నువ్వు తప్పితే, దానికేటో అయిపోతాదని ఆ పిల్ల వణికి సావదేటే?"

"మరేం చెయ్యాలి మేడం?"

"నెత్తి మీంచి సెయ్యి తీసీ. దాని సెయ్యి మాత్రం వదలకు. ఎవులికి సెప్పాలన్నా ముందు నీకే సెప్తానమ్మా అను."

"అప్పటికీ ఆ పిల్ల చెప్పకపోతే?" అని అడిగాను. ఆవిడ చీర దులుపుకుని గదిలోంచి వెళ్ళిపోయారు.

ఆ బెంగతోనే ఆవిడ వెంట సముద్రం ఒడ్డున ఓ పల్లె బడికి వెళ్ళాను. చేపలమ్మే ఆవిడ కూతురి వీపు మీద వాతలు చూసి పంతులమ్మ కబురు పెట్టింది. బడి విడిచేలోగా పిల్ల నోరు విప్పకపోతే మళ్ళీ ఆ ఇంటికే పోతుంది. మేడం వరండాలో బల్ల మీద వేరుశనగకాయల పొట్లం విప్పుకుని కూర్చున్నారు. లోపల నేనూ పిల్లా. కాసేపటికి ఆ పిల్ల అచ్చం మేడంలాగే నా చెయ్యి లాగి నెత్తిన పెట్టుకుంది. "ఎవులికీ సెప్పనని ఒట్టెయ్యి."

ఆ కళ్ళు చూస్తే వేసేద్దామనే ఉంది. అయినా చెయ్యి తీసి, "ఒట్టు వెయ్యలేనమ్మా. ఎవరికి చెప్పాలన్నా ముందు నీకే చెబుతాను" అన్నాను. పిల్ల గోడవైపు తిరిగిపోయింది. చెడగొట్టేశాను రా దేవుడా అనుకున్నాను. కిటికీలోంచి చూద్దును కదా, మేడం తీరుబడిగా కాయలు ఒలుస్తున్నారు. ఇక్కడ నా ప్రాణం పోతుంటే ఆవిడకి ఫలహారం! ఒళ్ళు మండిపోయింది. గంట ఎప్పుడు కొడతారోనని చెవులు అటే వేసుకుని కూర్చున్నాను. పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు.

"మాయమ్మకి సెప్తావా?" అంది, గోడతోనే.

"చెప్పాల్సొస్తే, ముందు నీతో చెప్పే."

"అయితే నువ్వే సెప్పు. మావ కాల్సినాడని నాను సెప్తే నమ్మదు. తమ్ముడంటే పేణం దానికి." అప్పుడు ఇటు తిరిగింది.

ఆ సాయంత్రం ఆ పిల్ల ఆ ఇంటికి పోలేదు.

తిరుగు బస్సులో ఉక్రోషంగా అడిగాను. "మీకంత ధీమా ఎలా వచ్చింది మేడం?"

"ధీమా ఏటి, నా మొకం!" అంటూ ఆవిడ కొంగు ముడి విప్పారు. పొట్లంలోని గుళ్ళన్నీ ఒలిచినవి ఒలిచినట్టే ఉన్నాయి. "ఒక్కటి నోట్లో ఏసుకుంటే ఒట్టు."

ఆవిడ ఇప్పుడు లేరు. నేను తర్ఫీదు ఇచ్చిన అమ్మాయి రేపు మొదటిసారి ఓ పిల్లాడితో మాట్లాడబోతోంది. "వాడు చెప్పకపోతే ఏం చెయ్యాలి మేడం?" అని పొద్దున్న అడిగింది. రేపు నీ వెంట నేనూ వస్తానన్నాను.

బస్సు వచ్చేలోగా బండి దగ్గరికి వెళ్ళి ఒక పొట్లం కొన్నాను. రేపు బయట బల్ల మీద కూర్చోవలసింది నేను.