వడ్డించినవాళ్ళ బంతి

మా మేనత్త పోయింది. బుధవారం పొద్దున ఉక్కునగరం క్వార్టర్లో డ్యూటీకని బూట్లు వేసుకుంటుంటే, వన్ టౌన్‌లో అత్త పక్కింట్లో ఉండే దర్జీ సాయిబు గారి కొడుకు స్కూటర్ మీద వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "అత్తమ్మ ఎల్లిపోనాదన్నా. పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉంది, ఇంక లెగలేదు" అన్నాడు. నేను బూట్లు విప్పేసి, చెప్పులేసుకుని అతని వెనకాల ఎక్కాను.

ఆవిడ పోయిన దగ్గర్నుంచీ ఆవిడ గురించి మంచి మాటలు చాలా విన్నాను. శాంతమూర్తి అన్నారు. ఎవరి మీదా కోపం ఎరగని మనిషన్నారు. ఏళ్ళ తరబడి ఆవిడింట్లో అన్నం తిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మా అత్తకి కోపం ఉండేది. ఒక మనిషి మీద పగ ఉండేది. దాన్ని ఆవిడ చల్లారనివ్వలేదు. మనిషి పోయింది కదా అని దాన్ని కూడా మట్టి చేసేస్తామంటే నేను ఒప్పుకోను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలని అంటారు. బతికున్నవాళ్ళ గురించి అలాంటి కట్టుబాటు ఏమీ లేదు.

మాది పరవాడ వైపు పల్లె. అత్తనిచ్చిన ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయిన ఊళ్ళలో ఒకటి. భూమి పోయాక మావయ్య పోర్టులో కళాసీగా చేరి, వన్ టౌన్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. నాకు పోర్టులో గుమాస్తా పని దొరికినప్పుడు ఆవిడింట్లోనే దిగాను.

మావయ్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఎవరో ఒకావిడ పొద్దున్నే మంచం దగ్గరికి వచ్చి, గిన్నెలో వేడి గంజి పోసి వెళ్ళేదట. పేరు చెప్పేది కాదు, అడిగేది కాదు. కర్మకాండలన్నీ అయ్యాక అత్త ఆ గంజి ఎక్కడ కాస్తారో కనుక్కుంటూ వెళ్ళి, తనూ అందులో చేరింది.

మా వీధికి కాస్త అవతల, బియ్యం గోదాముల మధ్య ఒక రేకుల షెడ్డు ఉండేది. ఒక సేవా సంఘం వాళ్ళది. అక్కడ పెద్ద డేగిసాల్లో గంజి కాచి, క్యాన్లలో పోసి, రిక్షా మీద ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. రోగులకీ, వాళ్ళ వెంట వచ్చి వరండాల్లో పడుకునే పల్లెటూరి వాళ్ళకీ పోసేవారు. ఆ పని చేసేది అత్తా, మరి కొందరు ఆడవాళ్ళూ, దర్జీ సాయిబు గారూ. ఆడవాళ్ళలో ఇద్దరు జాలరివాళ్ళు. వేటకి పోయిన పడవలు ఒడ్డుకి తిరిగొచ్చేలోగా షెడ్డులో పని ముగించుకుని, బుట్టలు తీసుకుని పరిగెత్తేవారు. ఎవరికీ జీతం లేదు. ఎవరూ అడగలేదు. సంఘానికి కార్యదర్శి ఒక పప్పుల టోకు వ్యాపారి. తెల్లటి లాల్చీ, మెడలో ఉత్తరీయం, ప్రతి మాటకీ ముందు చిరునవ్వు.

ఒక ఏడాది ఆయన స్వచ్ఛంద సేవకులకి అభినందన సభ పెట్టాడు. అలాగని బ్యానర్ మీద రాయించాడు కూడా. ఆ సభకి భోజనాలు వండింది ఎవరనుకున్నారు? ఆ సేవకులే. గంజి పంపించేసి వచ్చి, మళ్ళీ పొయ్యి రాజేసి, అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు వండారు. ముఖ్య అతిథి మాట్లాడాడు. విరాళాలిచ్చిన వర్తకులు మాట్లాడారు. వాళ్ళందరూ బంతులు బంతులుగా కూర్చుంటే మా అత్తవాళ్ళు వడ్డించారు. అందరూ తిన్నాక తాము ఆకులు వేసుకుని కూర్చునేసరికి కార్యదర్శి గారు అతిథిని కారెక్కించడానికి వెళ్ళి, అటునుంచి అటే వెళ్ళిపోయారు. షెడ్డు కాపలావాడు వచ్చి, "ఆ డేగిసాల్లో ఏటుందో సూసి మీరే ఎట్టుకు తినేయండి" అన్నాడు.

మా వైపు పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. పెళ్ళి కానివ్వండి, దినం కానివ్వండి, వండి వడ్డించినవాళ్ళు ఆఖరి బంతిలో కూర్చుంటారు. ఆ బంతికి ఇంటి యజమాని తన చేత్తో వడ్డిస్తాడు. ఎంత మోతుబరి అయినా సరే, పంచె ఎగ్గట్టి పప్పు గిన్నె పట్టుకోవాల్సిందే. కూలి తీసుకోని పనికి మా వాళ్ళు ఎరిగిన మర్యాద అదొక్కటే. అది జరక్కపోతే ఆ పని చేసినవాణ్ణి కుక్కని చూసినట్టు చూశారని లెక్క.

అత్త తన ముందున్న ఖాళీ ఆకుని మడిచి లేచింది. "ఆయన సేత్తో ఒడ్డించిన్నాడే ఈ సెడ్డులో నాను ముద్ద ముడతాను. అందాకా మంచినీలు కూడా ముట్టను" అంది. మిగతావాళ్ళు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నారు.

సాయిబు గారు ఆ మాట కార్యదర్శికి చేరవేశారు. ఆయన మర్నాడు వచ్చి చిరునవ్వుతో, "సేవ చేసేవాళ్ళు ప్రతిఫలం కోరకూడదమ్మా" అన్నాడు.

"పెతిఫలం ఎవుడడిగాడు బాబూ, పప్పడిగాను" అంది అత్త.

ఆయన ఆ మాటకీ నవ్వాడు. అదే ఆవిడ క్షమించలేదనుకుంటాను.

అయినా అత్త ఒక్కరోజు కూడా మానలేదు. ఇంత కోపం ఉన్నదానివి ఎందుకెళుతున్నావని ఒకసారి అడిగాను. "నీకు బుర్రుందేట్రా అల్లుడా? రోగాలోళ్ళు నన్నేటి సేసేరు? ఆల మీద నాకేటి పగ?" అంది. ఎండాకాలం పొయ్యి ముందు గొంతెండిపోతే రోడ్డు మీదికి వచ్చి, ఎదుటి గోదాము కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగి, మళ్ళీ లోపలికెళ్ళేది.

దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. గంజిలో ఉప్పు వేసేది ఆవిడే. ఇదివరకు చేతిలో చుక్క వేసుకుని రుచి చూసేది. ఒట్టు పెట్టుకున్నాక అది కూడా ముట్టదు. అందుకని సాయిబు గారిని పిలిచేది. "సాయిబన్నా, ఉప్పు సూడు." ఆయనకేమో రక్తపోటని డాక్టరు ఉప్పు మాన్పించాడు. ఏది నోట్లో వేసుకున్నా సముద్రంలాగే ఉండేది. "బస్ చెల్లెమ్మా, ఇంకేసినావంటే నోరు మండిపోద్ది" అనేవారు. ఆ కాలంలో గంజి తాగిన రోగులు ఉప్పు లేదని గోల పెట్టారు. కార్యదర్శి వచ్చి అడిగాడు. "మీరొచ్చి మాకొక బంతి ఒడ్డించండి బాబూ, రేపట్నించి ఉప్పు నానే సూత్తాను" అంది అత్త. ఆయన వడ్డించలేదు. ఉప్పు చూసే పని జాలరివాళ్ళలో ఒకావిడకి అప్పగించి వెళ్ళాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన కూతురి పెళ్ళి వచ్చింది. సంఘం వాళ్ళంతా ఇంటి మనుషుల్లాగా రావాలని కబురు పెట్టాడు. అంటే వడ్డనకి రమ్మని. ఆడవాళ్ళు మండిపడ్డారు. "సిగ్గుండాల, మల్లీ మనకే సెప్పి పంపినాడు" అంది జాలరి ఆవిడ. అత్త మాత్రం, "ఎల్దాం. అందరం ఎల్దాం" అంది. ఆ రోజు ఆవిడ కళ్ళలో కనిపించిన సంతోషం నాకు మా ఇంట్లో జరిగిన ఏ పెళ్ళిలోనూ కనిపించలేదు.

వడ్డనకి నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలు. మగపెళ్ళివారు విజయనగరం వైపు రైతులు. ఎన్ని బంతులు లేచాయో లెక్కపెట్టలేదు, నడుములు పడిపోయాయి. అందరూ అయ్యాక అత్త ఆకుల కట్ట తీసుకుని, పందిట్లోంచి కారు దగ్గరికి వెళ్ళే దారికి అడ్డంగా బంతి పరిచింది. ఆడవాళ్ళు, సాయిబు గారు, నేను కూర్చున్నాం. వంటమనిషి బకెట్ పట్టుకొస్తే ఆవిడ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు కాదు నాయనా. ఇంటోళ్ళు రావాల."

లోపల అప్పగింతలు జరుగుతున్నాయి. వర్జ్యం రాకుండా పిల్లని కారెక్కించాలని తొందర. ఆ హడావిడిలో కార్యదర్శి బయటికొచ్చి, మమ్మల్ని చూసి, "ఇదేంటమ్మా, దారిలో కూర్చున్నారు, లేవండి, లోపల పెట్టిస్తాను" అన్నాడు. గొంతు తగ్గించి, "సాయిబుకి విడిగా పెట్టిస్తాలే" అని కూడా అన్నాడు. సాయిబు గారు తల దించుకుని లేవబోయారు. అత్త ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

ఈలోపు పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు. పెద్దమనిషి. ఖాళీ ఆకుల వైపు చూశాడు. "ఈలు మాకు ఒడ్డించినోళ్ళు కదేటి?"

"అవును బాబూ" అంది అత్త.

ఆయన వియ్యంకుడి వైపు తిరిగాడు. "ఒడ్డించినోళ్ళు ఆకలితో కూకుంటే ఆల ఎదురుగుండా పిల్లని తీసుకెల్లమంటారేటి బావా? మా ఇంటికి అరిష్టం కాదా? ముందు ఆలకి పెట్టండి. వర్జెం వత్తే వచ్చింది, రేపెల్తాం."

కార్యదర్శి ముఖంలో చిరునవ్వు లేకపోవడం నేను చూసింది అప్పుడే. పట్టుపంచె ఎగ్గట్టి, పప్పు బకెట్ అందుకున్నాడు. అత్త సాయిబు గారి ఆకు చూపించింది. "ఆడ్నించి మొదలెట్టండి బాబూ." అక్కణ్ణించే మొదలెట్టాడు. అత్త నెమ్మదిగా తింది. నెయ్యి లేదంది. మెడ మీద చెమట తుడుచుకుంటూ నెయ్యి తెచ్చాడు. పులుసులో ముక్కలు పడలేదంది. వెనక్కి వెళ్ళి గరిటెతో వెతికి ముక్కలు తెచ్చాడు. పెళ్ళికూతురు కారు పక్కన నిలబడి, ఏడుపు మానేసి తండ్రిని చూస్తోంది. నాకు పాపం అనిపించలేదు. అత్తకి అసలే అనిపించలేదు.

చెయ్యి కడుక్కున్నాక ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి, "మీ ఇంటి బంతి అయిపోనాది బాబూ. సల్లగుండండి. మన సెడ్డు బంతి మాత్రం ఉండిపోనాది" అంది.

ఆ తర్వాత ఆయన అభినందన సభలు పెట్టడమే మానేశాడు. మా అత్తకి భయపడి. ఆవిడ కూడా షెడ్డులో నీళ్ళు ముట్టలేదు. గంజి కాస్తూనే ఉంది. నేను ఉద్యోగం మారి ఉక్కునగరం వచ్చేశాక కూడా, చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా, "ఇంకా ఒడ్డించలేదురా ఎదవ" అని చెప్పేది, ఊళ్ళో వాన పడలేదని చెప్పినట్టుగా. మోకాళ్ళు పట్టేసి షెడ్డుదాకా నడవలేని రోజుల్లో సాయిబు గారు రిక్షాలో కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు. వెళ్ళి, పీట మీద కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరేది.

ఆవిడ పెద్ద దినం అయ్యాక వచ్చిన ఆదివారం సంఘం వాళ్ళు షెడ్డులో సంతాప సభ పెట్టారు. ఫోటోకి దండ వేశారు. కార్యదర్శి మైకు ముందు కళ్ళు తుడుచుకుని ఇలా అన్నాడు: "ఇన్నేళ్ళ సేవలో ఆ తల్లి ఈ షెడ్డులో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సంఘం సొమ్ము ఒక్క మెతుకు తినని త్యాగమూర్తి."

చప్పట్లు కొట్టారు.

మేనల్లుడు రెండు మాటలు చెబుతాడని నన్ను పిలిచారు. నాకు సభల్లో మాట్లాడ్డం రాదు. "మా అత్తది త్యాగం కాదండి, పగ" అన్నాను. ఎవరి మీదో చెప్పాను. ఎందుకో చెప్పాను. కాపలావాడి మాట, ఖాళీ ఆకు, ఎదుటి గోదాము కుళాయి, అన్నీ చెప్పి దిగిపోయాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ రోజు వంట కూడా ఆ ఆడవాళ్ళదే. వచ్చినవాళ్ళు తిన్నారు కానీ చెయ్యి కడుక్కుని ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళు కూర్చున్నారు. సాయిబు గారు ఆకులు వేస్తూ, బంతికి మొదట్లో ఒక ఆకు వేసి, నీళ్ళు చల్లి, దాని ముందు ఎవరినీ కూర్చోనివ్వలేదు. తను రెండో ఆకు ముందు కూర్చున్నారు. నేను పప్పు బకెట్ తెచ్చి కార్యదర్శి చేతికి ఇచ్చాను. ఇప్పుడాయనా ముసలివాడే. నా వైపు చూశాడు, తిన్నవాళ్ళ వైపు చూశాడు. వంగి ఆ మొదటి ఆకులో ఒక గరిటె పప్పు వేసి, పక్క ఆకు దగ్గరికి జరగబోయాడు.

"ఆగండి బాబూ" అన్నారు సాయిబు గారు. "చాలని ఆమె చెప్పలేదు కదా."

ఆయన మళ్ళీ వంగాడు. ఇంకో గరిటె వేశాడు. ఆగి చూశాడు. ఇంకోటి వేశాడు. ఎవరైనా ఇక చాలంటారేమోనని ఒక్కొక్క మొహం వైపూ చూస్తున్నాడు. జాలరి ఆవిడ తన ఖాళీ ఆకు వైపు చూస్తూ కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పప్పు ఆకు అంచు దాటి, సిమెంటు నేల మీద పసుపుపచ్చగా, మెల్లగా పాకుతూ ఆయన పాదాల దాకా వచ్చింది. ఆయన పాదం వెనక్కి తీసుకోలేదు. గరిటె మళ్ళీ బకెట్‌లో ముంచాడు.