పెళ్లి అన్నం తిన్న మంద

కొత్తకోట చుట్టూ హైవే పక్కన ఫంక్షన్ హాళ్లు లేచింది ప్రత్యేక రాష్ట్రం వచ్చిన తర్వాతే. అలాంటి ఒక హాలు వెనక ఉన్న బీడులో మా నాయిన గొర్రెలు మేపేవాడు. ఆ ఎండాకాలం గడ్డి పూర్తిగా మాడిపోయింది. ఒక పెద్ద పెళ్లి జరిగిన మర్నాడు పొద్దున హాలువాళ్లు మిగిలిన అన్నం తెచ్చి బీడులో గుమ్మరించి పోయారు. నాయిన బోరు దగ్గర నీళ్లు తాగి వచ్చేసరికి మంద మొత్తం ఆ తెల్లటి కుప్ప చుట్టూ మూగి ఉంది. కట్టెతో అదిలించినా ఒకటి పక్కకు పోతే రెండు తలలు దూర్చాయట. అవి కడుపునిండా తిని ఎన్నాళ్లో అయింది.

నేను కొత్తకోటలోనే ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను. అంతకుముందు చదివింది సూక్ష్మజీవుల శాస్త్రం. మధ్యాహ్నం క్లాసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"గొర్లు పండుకున్నయి, లేస్తలేవు. పండ్లు పటపట కొరుకుతున్నయి. నువ్వు జర రా బిడ్డా."

ఏం తిన్నాయని అడిగాను. చెప్పింది. స్కూటీ మీద ఊరికి పోతున్నంతసేపూ ఆ కడుపుల్లో ఏం జరుగుతుందో నా కళ్లకు కనిపిస్తూనే ఉంది. గొర్రె మొదటి కడుపు ఒక ఊరులాంటిది. అందులో గడ్డిని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉంటాయి. అవి వదిలినదాన్ని తిని బతికేవి కొన్ని, వాటి వ్యర్థాన్ని తిని బతికేవి ఇంకొన్ని. అన్నీ నిదానంగా, ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి. అక్కడికి అన్నం ఒక్కసారిగా వచ్చి పడితే, పిండిపదార్థం తిని బతికేవి కొద్దిసేపట్లోనే కోట్లకు కోట్లు పెరిగి పులుపును వదులుతాయి. ఆ పులుపుకు గడ్డిని తినేవి చచ్చిపోతాయి. పులుపు ఇంకా ముదిరితే, దాన్ని మొదలుపెట్టినవి కూడా తట్టుకోలేవు. వాటి జాగాలోకి అంతకంటే పులుపును ఓర్చుకునేవి వస్తాయి. ఇంట్లో పెరుగు తోడుకునేది, ఇడ్లీ పిండి పులిసేది ఆ జాతివాటి వల్లే. గిన్నెలో అయితే వాటికోసం మనమే ఎదురుచూస్తాం.

దొడ్డి దగ్గర నాయిన ఒక గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను దాని ఎడమ డొక్క మీద చెయ్యి వేసి నొక్కితే నీళ్ల బిందె కదిపినట్టు గలగలమంది. నెమరు ఆగిపోయింది. ఒంట్లోని నీళ్లన్నీ కడుపులోకి దిగిపోతున్నాయి. కడుపు నిండుగా ఉంది, కళ్లు మాత్రం లోపలికి పోయాయి.

పశువుల డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒక్కడే రెండు మండలాలు చూసుకుంటున్నాడు. దూరంగా ఏదో ఊళ్లో టీకాలు వేస్తున్నానని, సాయంత్రానికి వస్తానని చెప్పాడు. అప్పటిదాకా తినే సోడా నీళ్లలో కలిపి తాగించమన్నాడు. ఆరోగ్యంగా ఉన్న జీవం కడుపులోని రసం దొరికితే వడగట్టి పొయ్యమన్నాడు.

ఊళ్లోని కిరాణం దుకాణాల్లో ఉన్న సోడా పొట్లాలన్నీ తెచ్చాం. అమ్మ మూతి తెరిచి పట్టుకుంటే నేను సీసాతో పోశాను. కొన్ని మింగాయి, కొన్నిటికి మింగే ఓపిక కూడా లేక నీళ్లు ముక్కులోంచి కారిపోయాయి. తర్వాత స్టీలు క్యాను తీసుకుని కొత్తకోటలోని మటన్ దుకాణానికి పోయాను. పొట్టలోని పసరు కావాలంటే ఆయన నన్ను వింతగా చూశాడు. విషయం చెప్పాక, అప్పుడే కోసిన మేకపోతు పొట్టను చీల్చి, వేడివేడిగా ఉన్నదంతా క్యానులోకి వంపాడు. పైసలు వద్దన్నాడు.

ఆ క్యాను రెండు కాళ్ల మధ్య పెట్టుకుని బండి నడిపాను. అందులోని బ్యాక్టీరియా గాలి తగిలితే బతకవు, చల్లారినా బతకవు. మూతకు గుడ్డ చుట్టాను. అంతకంటే చేయగలిగింది లేదు. ఒకవేళ బతికి చేరినా, ఆ పులుపులోకి దిగినవి ఎంతసేపు నిలుస్తాయో నాకు తెలుసు. అయినా పాత చీరముక్కతో వడగట్టి, కొంచెం తేరుకున్నట్టు కనిపించిన వాటికి తలా కాస్త పోశాం.

పొద్దు వాలేసరికి ఒక్కొక్కటే కాళ్లు చాపేశాయి. నాయిన ఒకదాని దగ్గర నుంచి లేచి ఇంకోదాని దగ్గరికి పోయేలోపు ముందుది పోయేది. కాసేపటికి ఆయన లేవడం మానేశాడు.

"గిన్నేండ్లు సదివినవు గద బిడ్డా. నీకు తెల్వదా దీనికేం జెయ్యాల్నో?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు.

"ఎందుకు సస్తున్నయో తెలుసు నాయినా. ఎట్ల ఆపాల్నో తెల్వది."

ఆయన తలూపి, గొర్రె కళ్ల మీద వాలిన ఈగలను తోలాడు.

డాక్టర్ చీకటి పడుతుండగా వచ్చి, బతికే ఆశ ఉన్నవాటికి సెలైన్ ఎక్కించాడు. మర్నాడు హాలు మేనేజరు కబురు తెలిసి తనే వచ్చాడు. పారేసేకంటే మూగజీవాలు తింటాయని పోయించానని చెప్పి దొడ్డి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చిన మా పాలివాళ్లు, దాయాదులు కూడా ఆయన ముఖం చూసి ఊరుకున్నారు. జేసీబీ పిలిపించి గుంత తవ్వించింది ఆయనే.

బతికిన కొద్దిపాటి గొర్రెలకు తర్వాత గిట్టలు వాచాయి. ఆ పులుపు రక్తంలోకి ఎక్కితే గిట్టల దాకా పోతుంది. చూలుతో ఉన్నవి నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి. పెబ్బేరు సంతకు తోలేద్దామని అమ్మ అంటే, కుంటేవాటిని ఎవరు కొంటారని నాయిన అన్నాడు. రోజూ తుమ్మ కొమ్మలు నరుక్కొచ్చి దొడ్డిలోనే వాటి ముందు వేసేవాడు. కొన్ని కొరికేవి, కొన్ని వాసన చూసి మొహం తిప్పుకునేవి. నేను సెలవు రోజున పోయి వాటి డొక్కల మీద చెయ్యి పెట్టి, లోపల ఆ మొదటి కడుపు మళ్లీ కదులుతుందా అని చూసేదాన్ని. ఒక్కోసారి కదిలేది. చాలాసార్లు తెలిసేది కాదు.